కదిరమ్మ వాకిట్లో ముగ్గు

పుష్పావతికి అనుమానం ముసలితనంలో పట్టుకున్న జబ్బు కాదు. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికినన్నాళ్ళూ ఆమె ఎవరినీ నమ్మలేదు. పట్టు తూచి ఇచ్చే సావుకారు వేలు తక్కెడకు తగులుతోందేమోనని చూసేది. నేసిన చీర తీసుకుపోయేవాడు అంచులో లేని తప్పు చూపిస్తాడేమోనని చూసేది. చూసిన చాలాసార్లు ఏదో ఒకటి దొరికేది కూడా. అందుకే అనుమానపడటం మంచిది కాదని ఆమెకు ఎవరూ నచ్చచెప్పలేకపోయారు. మొగుడు బతికున్నంతకాలం ప్రయత్నించి, ఆ పని పూర్తికాకుండానే పోయాడు.

అలాంటి మనిషి సోమందేపల్లె దగ్గరి ముసలోళ్ళ లైనులో గది సంపాదించింది. ముసలోళ్ళ లైను అన్నది ఊరివాళ్ళు పెట్టిన పేరు. హైవే దిగి మట్టిదారిన కొంచెం లోపలికి వెళితే ఒక ట్రస్టువాళ్ళు కట్టించిన వరస ఇళ్ళు కనిపిస్తాయి. మనిషికో గది, వంటగట్టు, వెనక బాత్రూము, ముందు తలుపు, తలుపుకు లోపలివైపు గడియ. నా అనేవాళ్ళు లేనివాళ్ళు, ఉన్నా వాళ్ళతో పొసగనివాళ్ళు అక్కడ ఎవరి పొయ్యి వాళ్ళు ముట్టించుకుని ఉంటారు. లైను మొదట్లో వార్డెను గది. ప్రతి మంచం తలాపున గోడకు ఒక బెల్లు మీట ఉంటుంది, అది నొక్కితే వార్డెను గదిలో మోగుతుంది.

పుష్పావతి పక్కగది కదిరమ్మది. తనకల్లు వైపు మనిషి, పుష్పావతికంటే పెద్దది, పుట్టినప్పటి నుంచి కూలిపని తప్ప వేరే ఎరగదు. చెనక్కాయ పెరికే కాలంలో ఒకరి పంచలో, చింతకాయ దులిపే కాలంలో ఇంకొకరి పశువుల కొట్టంలో, మొగుడు పోయాక తమ్ముడి ఇంట్లో ఒక మూలన పడుకుంది. ఆమె పడుకున్న చోటల్లా రాత్రీ పగలూ వేరేవాళ్ళు నడుస్తూనే ఉండేవాళ్ళు. ఈ గదికి వచ్చిన రోజు సాయంత్రం ఆమె తలుపు మూసి గడియ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంటుంటే పుష్పావతి కిటికీలోంచి గమనించి, దీనికి పిచ్చేమో అనుకుంది.

"ఏమక్కా, గడియ సరిగ్గా పళ్ళేదా?" అని అడిగింది.

"పడతాండాది మే. నాది అని గడియ పెట్టుకునేది ఇదే మొదలు. ఊరికే చూసుకుంటాండా," అంది కదిరమ్మ.

ఆ మాట విన్న తర్వాత పుష్పావతి ఆమెను అనుమానించడం మానేసింది. లోకంలో ఆ మర్యాద దక్కింది కదిరమ్మ ఒక్కతికే.

అక్కడ ఒక నిబంధన ఉంది. తన పని తాను చేసుకోగలిగినంత కాలమే ఎవరైనా ఈ లైనులో ఉండేది. లేవలేని స్థితికి వస్తే, అదే ట్రస్టువాళ్ళు తాడిపత్రి పక్కన నడిపే పెద్ద హాలుకు పంపిస్తారు. అక్కడ మంచాలు వరసగా వేసి ఉంటాయి, నర్సులు ఉంటారు, వేళకు అన్నం పెడతారు. చెడ్డ చోటేమీ కాదని అందరూ అంటారు, అన్నవాళ్ళెవరూ వెళ్ళి ఉండరు.

మద్దిలేటి వార్డెనుగా ఉన్నన్నాళ్ళూ ఆ నిబంధన ఎవరినీ భయపెట్టలేదు, ఎందుకంటే మద్దిలేటి ఎవరినీ చూసేవాడు కాదు. మధ్యాహ్నం దాకా పేపరు చదివేవాడు, ఆ తర్వాత నిద్రపోయేవాడు. అందరూ అతన్ని దేవుడన్నారు. అతను మానేసి సొంత ఊరికి వెళ్ళిపోయాక కృపాకుమారి వచ్చింది. చిన్న వయసు, అనంతపురంలో నర్సు పని చేసిందట, నడక చురుకు, నవ్వు తక్కువ. వచ్చిన మర్నాడే పొద్దు పొడవకముందు ప్రతి తలుపూ కొట్టుకుంటూ వచ్చింది.

"అవ్వా, లేసినావా? బాగుండావా?"

రెండు పొద్దులు పుష్పావతి ఓర్చుకుంది. ఆ తర్వాత తలుపు తీసి, గడపలోనే నిలబడి, లైనంతా వినపడేలా అరిచింది.

"ఏమ్మా, తెల్లారకముందే తలుపులు కొట్టేదేంది? మేమేమన్నా జైల్లో ఉండామా? చచ్చినామా బతికినామా అని లెక్క చూసుకుంటాండావా?"

"అదేం లేదవ్వా. రాత్రిపూట ఎవురికన్నా బాగలేకపోతే..."

"బాగలేకపోతే మేమే చెప్తాం. మాకు నోర్లు ఉండాయి. తలుపు కొట్టినావంటే ట్రస్టోళ్ళకు చెప్తా."

పక్కవాళ్ళు కూడా గొంతు కలిపారు. కృపాకుమారి మొహం చిన్నబోయింది. మర్నాటి నుంచి తలుపులు కొట్టడం మానేసింది. పుష్పావతి ఆ విజయాన్ని నాలుగు రోజులు పాయసం తిన్నట్టు చప్పరించింది.

ఐదోరోజు నుంచి ఆమెకు నిద్ర కరువైంది. తలుపులు కొట్టడం మానేసిన కృపాకుమారి, తెల్లవారాక లైను ఈ కొన నుంచి ఆ కొనకు నడవసాగింది. ఎవరినీ పలకరించదు. కొన్ని వాకిళ్ళ ముందు ఒక్క క్షణం ఆగుతుంది, నేలవైపు చూస్తుంది, ముందుకు వెళుతుంది. అప్పుడప్పుడు ఫోనులో ఏదో నొక్కుకుంటుంది. తలుపు కొట్టే మనిషికి ఎదురు తిరగవచ్చు. నేలను చూసుకుంటూ పోయే మనిషిని ఏమని తిట్టాలి?

"ఆయమ్మ ఏం చూస్తాండాది?" అని పుష్పావతి యేసన్నను అడిగింది. యేసన్న ఎదురుగదిలో ఉంటాడు. తాడిపత్రిలో బండల పాలిషు పని చేసి చేసి చెవులు మందగించినవాడు, పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని బైబిలు ఒళ్ళో పెట్టుకుని పాట పాడుకుంటాడు.

"చూడనీలేక్కా. కండ్లుండేది చూసేదానికే గదా," అన్నాడు యేసన్న.

ఈ మాత్రం జవాబుకు పుష్పావతి తృప్తిపడే మనిషి కాదు. తనే కిటికీ సందులోంచి కనిపెట్టింది. కసువు ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసిన వాకిలి ముందు కృపాకుమారి ఆగదు. యేసన్న కుర్చీ కనిపిస్తే ఆగదు. వాకిలి పొడిగా ఉంటేనే ఆగుతుంది, కిటికీవైపు తొంగి చూస్తుంది. అంటే ఎవరు పొద్దున్నే లేచి వంగి పని చేసుకోగలుగుతున్నారో, ఎవరు చేసుకోలేకపోతున్నారో చూసుకుంటోందన్నమాట. తాడిపత్రికి ఎవరిని తోలాలో వాకిళ్ళే చెబుతున్నాయన్నమాట. ఇంత తెలివైన పిల్లను చూసి పుష్పావతికి వెన్ను చల్లబడింది.

ఆ వారంలోనే చివరి గది ఓబుళేసును ఆటో ఎక్కించారు. అతను నీళ్ళు చల్లడం మానేసి చాలా రోజులైంది. యేసన్న తాడిపత్రి వెళ్ళినప్పుడు హాలులో అతన్ని చూసి వచ్చాడు.

"బానే ఉండాడక్కా. తెల్లగుడ్డలేసినారు. ఇడ్లీ పెట్టినారంట."

"తలుపులు?"

"తలుపులుండాయి. గడియలే లేవు. ఎవురన్నా పడిపోతే లోపలికి పోయేదానికి ఉండాలంట గదా."

పక్కన కూర్చుని రాగిపిండి జల్లిస్తున్న కదిరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆమె పుష్పావతి గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నేలమీద చతికిలబడింది.

"పుష్పా, ఎవురికీ చెప్పాకు. పొద్దున లేస్తానే తల తిరుగుతాండాది. వంగినానంటే ముందుకు పడేటట్ల ఉంటాంది. మొన్న బకెట్టు పట్టుకోనే కూలబడితి. కొంచేపు కూచుంటే సరిపోతాది, పొద్దెక్కినాక మామూలే. కానీ పొద్దున వాకిలి చల్లేది నా చేత కాదు మే."

డాక్టరు దగ్గరికి పోదామనాలి, కృపాకుమారికి చెప్పమనాలి. అవేవీ పుష్పావతి నోటికి రాలేదు.

"నీ వాకిలి నేను చల్తా. ముగ్గు నేను ఏస్తా. నువ్వు పొద్దెక్కినాక లేయి. ఆయమ్మకు ఏం తెల్దు," అంది.

"బెల్లు ఉండాది గదా, నొక్కితే ఆ పిల్ల వస్తాది గదా..."

"నొక్కినావంటే ఆటో వస్తాది. దాని మీద క్యాలెండరు తగిలించు. చెయ్యి తగలకుండా ఉంటాది."

కదిరమ్మ ఒప్పుకుంది. ఆమె ఎవరు ఏం చెప్పినా నమ్మే మనిషి. అంతమందిలో పుష్పావతి చెప్పింది ఇంకా నమ్మింది.

అప్పటి నుంచి రోజూ చీకటి విచ్చుకోకముందే పుష్పావతి రెండు వాకిళ్ళు ఊడ్చేది. బోరు నీళ్ళు లైనుకు ఇంత అని వదులుతారు, రెండో వాకిలికి నీళ్ళు మిగలవు. అందుకని బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు బకెట్లో దాచుకునేది. కదిరమ్మ వాకిట్లో కదిరమ్మ చెయ్యి కనిపించాలి. కదిరమ్మ ముగ్గు కొంచెం వంకర, రేకులు ఒకటి పెద్దది ఒకటి చిన్నది. నేతపనిలో అచ్చుగుద్దినట్టు అంచు కలిపిన పుష్పావతికి వంకరగా వేయడమే కష్టమైంది. కావాలని ఒక రేకు సాగదీసి, ఒక గీత తెగగొట్టి, వెనక్కి నిలబడి చూసుకుని, చప్పుడు కాకుండా తన గదిలోకి వచ్చేసేది. కాసేపటికి కృపాకుమారి చెప్పుల చప్పుడు వచ్చేది. కదిరమ్మ వాకిలి ముందు ఆ చప్పుడు ఆగేది కాదు. పుష్పావతి ఊపిరి అప్పుడు ఆడేది.

ఒకరోజు మాత్రం ఆగింది. పుష్పావతి కిటికీ పక్కన గోడకు అతుక్కుపోయింది. కృపాకుమారి ముగ్గును చూసి, ఈ కిటికీవైపు తిరిగింది.

"పుష్పవ్వా, కదిరవ్వ లేసిందా?"

"ఏంటికి? ముగ్గు అగపడలేదా? లేసింది, ఏసింది, మళ్ళా లోపలికి పాయె."

"సరేలే. పొద్దన్నే బయట అగపడేది, ఈమధ్య అగపడలేదే అని అడిగినా."

"చలికి లోపల ఉండాదిలే."

అది ఎండాకాలం. ఆ సంగతి పుష్పావతికి మాట జారాక గుర్తొచ్చింది. కృపాకుమారి ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు గురించి పుష్పావతి సాయంత్రం దాకా ఆలోచించింది. తెలిసి నవ్విందా, తెలియక నవ్విందా? తెలిసి ఊరుకుందంటే దేనికోసం ఊరుకుంది?

ఆ మర్నాడు ఒక ట్రాలీ ఆటో వచ్చి వార్డెను గది ముందు స్టీలు గొట్టాలు దించింది. మూరెడు మూరెడు ముక్కలు, రెండు కొనలా మేకులు కొట్టుకునే రంధ్రాలు ఉన్నాయి. కృపాకుమారి వాటిని లెక్కచూసి స్టోరు గదిలో పెట్టించి తాళం వేసింది. దేనికమ్మా అని యేసన్న అడిగితే, "అవసరమైనోళ్ళు అడిగితే బిగిస్తాం తాతా. అడగండి," అందట. పుష్పావతికి ఒళ్ళు మండింది. గొట్టాలు ఎవరు అడుగుతారు? కిటికీలకు బిగిస్తుందో, తలుపులకు అడ్డంగా వేస్తుందో! ఎవరూ అడగకూడదని ఆమె గదిగదికీ వెళ్ళి చెప్పివచ్చింది. ఎవరూ అడగలేదు.

ఇలా వేసవి సగం గడిచింది. కదిరమ్మ పొద్దెక్కాక లేచి, గడప మీద కూర్చుని, తన వాకిట్లోని ముగ్గును ఎవరో బంధువులు పెట్టిన చీరలా మురిపెంగా చూసుకునేది. "నాకంటే బాగా ఏస్తావు మే, ఇంగొంచెం చెడగొట్టు," అని నవ్వేది. పుష్పావతికి ఆ నవ్వు చాలు. తన జన్మలో మొదటిసారి తన అనుమానం ఒకరిని కాపాడుతోందని ఆమె గర్వపడింది.

ఆ రోజు పుష్పావతి పెనుకొండ వెళ్ళాలి. అక్కడ కంటిపరీక్షల శిబిరం పెట్టారు, ఎడమకన్ను మసకగా ఉంది. బస్సు అందుకోవాలని మామూలుకంటే ముందే లేచింది. తన వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసింది. బకెట్టు పట్టుకుని కదిరమ్మ వాకిలికి వెళ్ళింది. నీళ్ళు చల్లి, వంగి ముగ్గుపిండి జారవిడుస్తుండగా ఏదో గొంతు వినిపించింది. సన్నగా, నేల దగ్గరి నుంచి వచ్చినట్టు. పుష్పావతి చెయ్యి ఆగింది. అదే సమయానికి, ఎందుకో ఆ రోజు తనూ ముందే లేచిన కృపాకుమారి గది తలుపు లైను మొదట్లో తెరుచుకుని, టార్చి వెలుగు బయటికి పడింది. పుష్పావతి రెండు రేకులు గబగబా కలిపేసి, బకెట్టు ఎత్తుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చెప్పుల చప్పుడు వచ్చింది, ఆగకుండా పోయింది. అది దూరమయ్యాక ఆమె చీర మార్చుకుని బస్సుకు నడిచింది.

శిబిరంలో జనం క్రిక్కిరిసి ఉన్నారు. కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండకు మట్టిదారి కాలిపోతోంది, లైనులో అందరూ తలుపులు వేసుకుని పడుకున్నారు. పుష్పావతి తన గడప ఎక్కబోతూ పక్క వాకిలి చూసింది.

ముగ్గు పొద్దున వేసింది వేసినట్టే ఉంది. మధ్యలో గాని, అంచున గాని ఒక్క పాదం గుర్తు లేదు. తలుపు తీసి బయటికి వచ్చినవాళ్ళు ఆ ముగ్గు తొక్కకుండా రాలేరు. కదిరమ్మ పాల ప్యాకెట్టుకు రాలేదు, నీళ్ళకు రాలేదు, గడప మీద కూర్చోలేదు.

"అక్కా! కదిరక్కా!"

కిటికీ రెక్క తోసి చూసింది. కంటిచుక్కల వల్ల లోపలంతా పొగలా ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. కదిరమ్మ తలుపు దగ్గర నేల మీద ఒక పక్కకు పడి ఉంది. బాత్రూము గుమ్మం నుంచి అక్కడిదాకా నేల తడిసి, ఆరి, చార కట్టింది. అంత దూరం ఆమె ఒంటిచేత్తో పాక్కుంటూ వచ్చింది. గడియ అందలేదు.

"అక్కా, నేను మే, పుష్పను!"

కదిరమ్మ పెదవులు కదిలాయి. "ఆయమ్మకు చెప్పాకు..."

పుష్పావతి కిటికీ ఊచలు పట్టుకుని ఒక్క క్షణం నిలబడిపోయింది. ఎదురుగా యేసన్న ఉన్నాడు, తనూ ఉంది, ఇద్దరూ కలిసి తలుపు తీసి, ఎత్తి మంచం మీద వేసి, నూనె రాసి, ఎవరికీ తెలియకుండా... అంతవరకూ ఆలోచించింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. వెనక్కి తిరిగి, ఎండలో లైను మొదటికి పరుగెత్తింది. మూసిన తలుపులన్నీ దాటుకుంటూ, "కృపమ్మా! ఓ కృపమ్మా! రామ్మా!" అని కేకలు పెట్టింది. ఆ పిల్లను అలా పిలవడం అదే మొదటిసారి.

కృపాకుమారి చెప్పులు లేకుండా వచ్చింది. యేసన్న గడ్డపార తెచ్చి తలుపు సందులో పెట్టి ఎత్తితే గడియ మేకులతో సహా ఊడి పడింది. కృపాకుమారి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కదిరమ్మ కాలు ఒకవైపు తిరిగి ఉండటం చూసి, దుప్పటి మడిచి పక్కన ఆనించి, చెంచాతో పెదవులు తడిపి, అంబులెన్సుకు ఫోను చేసింది. తనలో తనే అనుకుంటున్నట్టు అంది.

"పొద్దున చూస్తి గదా. నీళ్ళు చల్లిండాది, ముగ్గేసిండాది. బాగుండాది అనుకోని పోతి గదా..."

పుష్పావతి గోడకు ఆనుకుని నిలబడింది.

పెద్దాసుపత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు. ఒంట్లో నీరు ఇంకిపోయిందన్నారు, ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేమన్నారు. వరండాలో బెంచీ మీద కృపాకుమారి, పుష్పావతి పక్కపక్కన కూర్చున్నారు. కృపాకుమారి అడిగింది.

"అవ్వా, కదిరవ్వ చీకట్లోనే పడినాదంట. లేసి బాత్రూముకు పోయి, ఆడనే పడినాదంట. మరి ముగ్గు ఎవురేసినారు?"

ఇంతకాలం తను ఆ పిల్లను చూసిన చూపే ఇప్పుడు ఆ పిల్ల కళ్ళలో కనిపించింది. పుష్పావతి తల దించుకుంది.

"నేనే."

"ఈ పొద్దేనా?"

"లేదు. ఓబుళేసును పంపించినప్పట్నించీ. తల తిరుగుతాంది అనె. నువ్వు తాడిపత్రికి తోలేస్తావని నేనే దాచిపెట్టినా."

కృపాకుమారి అరుస్తుందేమోనని చూసింది. ఆమె అరవలేదు. చున్నీతో మొహం తుడుచుకుంది.

"పంపిస్తానవ్వా. లేవలేనోళ్ళను పంపిస్తా, అది నేను చేసిన రూలు కాదు. అయితే పంపేదానికైనా మనిషి బతికుండాల గదా." చున్నీ భుజం మీద సర్దుకుంది. "తల తిరిగేది బీపీ మాత్రకే పోతాదేమో. బాత్రూములో పట్టుకునేదానికే ఆ గొట్టాలు తెప్పించినా. ఒగరన్నా అడుగుతారని చూస్తి. తలుపు కొడితే జైల్లో ఉండామా అంటిరి. సరే, వాకిలి చూసుకోని పోదాం, మిమ్మల్ని లేపే పని లేదు అనుకుంటి. మీ వాకిళ్ళు నమ్మితినవ్వా నేను."

ఆ మాటలు నిజమేనా అని పుష్పావతి లోపలి మనిషి అప్పుడు కూడా తూచి చూసింది. చాలావరకు నిజమే అనిపించింది. పూర్తిగా నమ్మడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

రెండు రోజుల తర్వాత పుష్పావతి రాగిగంజి కాచుకుని ఆసుపత్రికి వెళ్ళింది. కదిరమ్మ కాలుకు బరువు కట్టి ఉంది. మొహం పీక్కుపోయింది గాని, కళ్ళు తేటగా ఉన్నాయి. పుష్పావతి మంచం పక్కన కూర్చుని, ఎవరూ వినడం లేదని అటూ ఇటూ చూసి, కొంగు ముడి విప్పి చూపించింది.

"నీ గదికి బయట తాళమేసి వచ్చినా. చెవి నా కాడనే పెట్టుకున్యా. ఆయమ్మ అడిగె, నేను ఇయ్యలే. ఆ గది నీదే. ఎవుర్నీ రానిచ్చేది లేదు."

కదిరమ్మ తాళంచెవి వైపు చూడలేదు. పుష్పావతి మొహంలోకి చూసింది.

"పుష్పా, ఆ పొద్దు నువ్వు నీళ్ళు చల్లేది ఇన్నా నేను."

పుష్పావతి గంజి గిన్నె మూత తీయబోయి, మళ్ళీ పెట్టేసింది.

"చెంబు బకెట్టుకు తగిలేది గూడా ఇనపడె. పుష్ప వచ్చింది, ఇంగేం భయం లేదు అనుకుంటి. నేను తలుపుకు ఈపక్క, నువ్వు ఆపక్క. పిలిచినా. నీకు ఇనపళ్ళేదా?"

లేదక్కా అంటే సరిపోయేది. కదిరమ్మ నమ్మేది కూడా. పుష్పావతి నోరు తెరిచింది గాని అబద్ధం రాలేదు.

"ఇన్నా," అంది.

"ఎవురో అనుకుంటివా? నా గొంతు నీకు తెల్దా?"

"తెల్సక్కా. నీ గొంతే అని ఆ పొద్దు గూడా తెల్సు. లైట్ ఏసుకోని ఆయమ్మ వస్తాండె. తలుపు కొడితే మనం దొరికిపోతాం అనుకుంటి. తల తిరిగి కూచోనుంటావులే, పొద్దెక్కినాక లేస్తావులే అనుకోని పోతి." పుష్పావతికి ఏడుపు తన్నుకొచ్చింది. "నిన్ను కాపాడాలనే పోతినక్కా."

కదిరమ్మ తిట్టలేదు. పైకప్పు వైపు తిరిగింది. పక్క మంచం దగ్గర ఎవరో బత్తాయి ఒలుస్తున్నారు. ఆ తర్వాత ఆమె మెల్లగా చెయ్యి చాపి, పుష్పావతి కొంగులో ఉన్న తాళంచెవిని వేలితో తాకింది.

"ఇది నీ కాడ పెట్టుకోవాకు పుష్పా," అంది. "ఆ పిల్లకు ఇయ్యి."